ఏడో సాంచా కబురు

ఈ పనిలోకి వచ్చే పిల్లలు నన్ను కలిసినప్పుడు ఏ కోర్సు మంచిదని అడుగుతారు. నాకు తెలియదు. నేను కష్టపడి నేర్చుకున్నవాటిలో సగం ఇప్పుడు ఎవరూ వాడరు, మిగిలిన సగం మిషన్లే చేసుకుంటున్నాయి. నాకు తెలిసింది వేరే. అది ఏ కోర్సులోనూ చెప్పరు, చెప్పినా ఆ వయసులో ఎవరూ వినరు. అయినా రాస్తున్నాను. రిటైరైన మనిషికి నోరు ఊరుకోదు.

నేను పుట్టింది ముంబై దగ్గరి భివండీలో, తెలుగు నేతపనివాళ్లు స్థిరపడ్డ పద్మనగర్‌లో. నాన్న సాంచాల మీద పనిచేసేవాడు. సాంచా అంటే మరమగ్గమే, కానీ మా గల్లీలో ఆ మాట అంటే ఎవరూ తిరిగి చూడరు. పగలూ రాత్రీ ఆ టకటకల మధ్యే చదువుకున్నాను. ఠాణేలో ఉద్యోగం దొరికాక కూడా ఇల్లు మారలేదు. నిశ్శబ్దంగా ఉన్న చోట నాకు నిద్ర పట్టదు.

ప్రమోషన్ల గురించి రాయను. చెప్పుకోదగ్గవి రాలేదు కూడా. ఒక్క కేసు గురించి రాస్తాను. మీరు క్యూ నుంచి సందేశాలు చదివే పైప్‌లైన్ ఎప్పుడైనా కట్టాల్సి వస్తే, ఇది తెలిసి ఉండడం మంచిది.

పని ఏమిటంటే

మా చిన్న కంపెనీ చివరి ఏళ్లలో చేసిన పని ఇది. సాంచాకు ఒక డబ్బా బిగిస్తాం. సాంచా మొదలైనా, కాసేపటికి మించి ఆగిపోయినా డబ్బా ఒక చిన్న సందేశం పంపుతుంది, ఆగితే ఎందుకు ఆగిందో కూడా చెప్తుంది. ఆ సందేశాలు క్లౌడ్‌లో ఒక క్యూలో నిలబడతాయి. మేం కట్టిన పైప్‌లైన్ వాటిని ఒక్కొక్కటిగా తీసుకొని, చేయాల్సిన పనులు చేసి, యజమాని ఫోన్‌లో కనబడే పట్టికలో రాస్తుంది. ఇంతకంటే గొప్ప రహస్యం ఏమీ లేదు.

క్యూ అనగానే కుళాయి దగ్గర బిందెల వరుస గుర్తొస్తుంది. అది కాదు. రిజిస్టరు ఉత్తరం తెచ్చే పోస్ట్‌మ్యాన్‌ను తలుచుకోండి. ఉత్తరం మీ చేతికిస్తాడు. సంతకం పెడితే దాని కథ ముగిసింది. పెట్టకపోతే కొంతసేపు కనబడకుండా పోయి, మళ్లీ అదే ఉత్తరం పట్టుకొస్తాడు. మీరు దాన్ని చదివారా, చదివి ఏడ్చారా అన్నది అతనికి అక్కర్లేదు. సంతకం పడిందా లేదా, అంతే. ఎంతసేపటికి మళ్లీ రావాలి, ఎన్ని రోజులు తిరిగాక ఉత్తరాన్ని చింపేయాలి, ఈ రెండూ మనమే చెప్పాలి. ఈ పనిలో తెలివంతా ఆ రెండు అంకెల్లో ఉంది. జీతం తీసుకునేవాళ్లలో సగం మంది వాటిని ముట్టుకోకుండానే రిటైరవుతారు.

కులకర్ణి సార్

మా బాస్ కులకర్ణి సార్ ఒకప్పుడు బట్టల మిల్లులో సూపర్‌వైజర్. కంప్యూటర్లు ఆలస్యంగా నేర్చుకున్నాడు, అందుకే వాటిని పెద్దగా నమ్మేవాడు కాదు. కొత్త కార్ఖానా ఒప్పుకుంటే, ఒక్క లైను రాయకముందే మమ్మల్ని అక్కడ ఒక షిఫ్టంతా నిలబెట్టేవాడు. ఆ అలవాటు మమ్మల్ని చాలాసార్లు కాపాడింది. శాంతి నగర్‌లో ఒక సాంచా, దాని మీద పడుగే లేదు, నూలు పోగు లేదు, అయినా తెర మీద రోజూ బట్ట నేస్తున్నట్టు లెక్క వచ్చేది. ఆఫీసులో కూర్చొని ఎంత వెతికినా దొరకలేదు. వెళ్లి దాని మీద చెయ్యి పెడితే తెలిసింది. పక్క సాంచా అదురుకు ఇది కూడా అదురుతోంది, డబ్బా ఆ అదురును లెక్కపెడుతోంది. డబ్బాను గట్టి చోట బిగిస్తే రోగం కుదిరింది.

మంచి బాస్‌తో ఒక ప్రమాదముంది. చెడ్డ బాస్ చెప్పినదాన్ని పదిసార్లు అనుమానిస్తాం. మంచి బాస్ చెప్పిన చెడ్డ మాటను మాత్రం మారు మాట్లాడకుండా రాసుకుంటాం. క్యూ పెట్టే రోజున సంతకం పడని సందేశం ఎంతసేపటికి తిరిగి రావాలని అడిగాం. కులకర్ణి సార్ క్షణం ఆలోచించలేదు. కార్ఖానాలో షిఫ్టు పన్నెండు గంటలు, కాబట్టి ఇదీ పన్నెండు గంటలే ఉండాలి, ఒక షిఫ్టులో కానిది వచ్చే షిఫ్టులో చూసుకుంటారు అన్నాడు. మా పైప్‌లైన్‌కు ఒక సందేశంతో పని కొన్ని క్షణాలే. ఒక నిమిషం పెట్టినా ఎక్కువే. కానీ వినడానికి ముచ్చటగా ఉంది, అలాగే ఉంచేశాం. ఇక సందేశాన్ని ఎన్నాళ్లు దాచాలన్నదానికి, పండుగలకు కార్ఖానాలు మూతపడతాయి కదా అని, క్యూ ఒప్పుకునే అన్ని రోజులూ పెట్టాం. అది పద్నాలుగు.

పోశెట్టి గొంతు

భివండీలోనే, నార్పోలిలో అంజయ్య సేఠ్ కార్ఖానా ఉంది. ఇరవై నాలుగు సాంచాలు. ఒక్కో కార్మికుడు నాలుగు చూస్తాడు. ఖర్చు తగ్గుతుందని సేఠ్ ఆ నాలుగింటిలో ఒకదానికే డబ్బా పెట్టించాడు.

సాంచా నడవాలంటే కండెలు కావాలి. కండె అంటే మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే, నూలు చుట్టిన చిన్న పుల్ల. కొద్ది నిమిషాల్లో అయిపోతుంది, కార్మికుడు ఇంకోటి పెట్టాలి. కార్ఖానా వెనక ఖోలీల్లో, అంటే ఒంటిగది ఇళ్లలో, ఆడవాళ్లు చిన్న మోటారు రాట్నాల మీద ఈ కండెలు చుట్టి గంపల్లో తెస్తారు. చాలాచోట్ల భర్త సాంచా నడిపితే భార్య కండెలు చుడుతుంది. షిఫ్టు మొదలవగానే ఎవరో ఒకరు బయటికొచ్చి కేకేయాలి. సేఠ్ ఆ కేక ఫోన్‌లో వెళ్తే బాగుంటుందన్నాడు. ఆడవాళ్లలో చదువు వచ్చినవాళ్లు తక్కువ. అందుకని రాతకు బదులు గొంతు పంపుదామన్నాను. ఏ కార్మికుడి మాట ఆ కార్మికుడి గొంతులోనే రికార్డు చేశాను. సాంచా మొదలైందన్న సందేశం రాగానే పైప్‌లైన్ ఆ గొంతుతో కండెలు చుట్టేవాళ్లకు ఫోన్ చేస్తుంది.

ఏడో సాంచా పోశెట్టిది. జగిత్యాల వైపు మనిషి, కూలికి పనిచేసేవాడు. పిల్లల్లేరు. భార్య నర్సవ్వ అతని సాంచాలకు కండెలు చుట్టేది. రికార్డింగు రోజు అందరి ముందు మాట్లాడడానికి పోశెట్టి సిగ్గుపడి చచ్చాడు. ముందు దగ్గాడు. ఆ దగ్గు కూడా రికార్డయింది. తర్వాత, "నర్సూ, సాంచె షురూ చేసిన. కండెలు తే," అన్నాడు. పక్కవాళ్లు పగలబడి నవ్వారు. ఇంట్లో ఆయన తనను పేరు పెట్టి పిలవడని, ఫోన్‌లోనే నర్సూ అంటాడని నర్సవ్వ తర్వాత నాకు చెప్పింది. చెప్తూ ముఖం తిప్పుకుంది.

నంబరు తుడిచేశారు

ఒక పగటి షిఫ్టులో పోశెట్టి బెంచీ మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే చనిపోయాడు. గుండె ఆగిందన్నారు. పక్క సాంచాల రాములు చూసి అరిచాడు. రాములు పోశెట్టికి చుట్టం కాదు, కానీ అన్నా అని పిలిచేవాడు, ఇద్దరూ ఒకే పళ్లెంలో తినేవాళ్లు. ఎవరో మెయిన్ స్విచ్ లాగేశారు. సేఠ్ మంచివాడు, దినాలు అయ్యేదాకా కార్ఖానా తెరవలేదు. పెద్దకర్మ నాడు పిట్టకు పెట్టిన ముద్దను ఏ కాకీ ముట్టలేదట. చాలాసేపు చూసి, చివరికి నీళ్లలో కలిపి వచ్చారు. కోరిక ఏదో మిగిలిపోయిందని అప్పుడే గుసగుసలు మొదలయ్యాయి.

ఆ కార్ఖానాలో ఒక అలవాటు ఉంది. సాంచా దగ్గర మనిషి పోతే ఆ నంబరు తుడిచేస్తారు. పసుపు నీళ్లతో కడిగి కొత్త నంబరు రాస్తారు. ఆ నంబరు వెతుక్కుంటూ చావు మళ్లీ వస్తే దానికి దొరకకూడదని. ఏడు పోయి ఇరవై ఐదు అయింది. కంప్యూటర్‌లో కూడా ఏడు ఉండకూడదని సేఠ్ మాకు ఫోన్ చేశాడు. మావాళ్లు పట్టికలోంచి ఏడును తీసేసి ఇరవై ఐదు రాశారు. డబ్బాలో కూడా మార్చారు.

పెద్దకర్మ మర్నాడు పొద్దున ఎనిమిదింటికి కార్ఖానా తెరిచి స్విచ్ వేశారు. ఇరవై ఐదో సాంచా దగ్గర ఎవరూ లేరు, దాన్ని ఎవరూ నడపలేదు. అయినా నర్సవ్వ ఫోన్ మోగింది. దగ్గు వినిపించింది. సాంచె షురూ చేసిన, కండెలు తే అన్నాడు పోశెట్టి.

ఆమె కండెలు చుట్టి, గంప నెత్తిన పెట్టుకొని వచ్చి, ఆగి ఉన్న ఆ సాంచా దగ్గర దించింది. ఎవరు తెమ్మన్నారని రాములు అడిగితే, పిలిచిండు అంది. ఆ సాయంత్రం ఎనిమిదికి మళ్లీ పిలిచాడు. మర్నాడు పొద్దున ఎనిమిదికి మళ్లీ. షిఫ్టు మారిన ప్రతిసారీ, పోశెట్టి బతికుంటే సాంచా మొదలుపెట్టే వేళకే.

ఇరవై ఐదు మీద కొత్తగా పెట్టిన మనిషి మధ్యాహ్నానికే వెళ్లిపోయాడు. ఆ తర్వాత వచ్చినవాడు సాంచా దగ్గరికి కూడా పోలేదు. పక్క సాంచాలవాళ్లు సెలవులు అడగడం మొదలుపెట్టారు. అందరికంటే గట్టిగా మాట్లాడింది రాములే. నర్సవ్వ ఏదో చేయించిందని, బాణామతి అని, అందుకే కాకి ముట్టలేదని అన్నాడు. ఆ మాట ఒక ఆడమనిషికి అంటుకుంటే ఏమవుతుందో మావాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడ ఎవరూ పనివ్వరు. ఊరికి పోదామంటే ఆమెకంటే ముందు ఆ మాట ఊరు చేరుతుంది. అమావాస్యకు మంత్రగాడిని పిలిపిస్తానని, ఆ తర్వాత నర్సవ్వ ఖోలీ ఖాళీ చేయాలని, కండెల పని కూడా వేరేవాళ్లకు ఇస్తానని సేఠ్ తేల్చేశాడు. అలా తేల్చాక, ఎందుకైనా మంచిదని కులకర్ణి సార్‌కు ఫోన్ చేశాడు. నన్ను పంపారు.

డబ్బా నా సంచిలో

శాంతి నగర్ అనుభవంతో నేను డబ్బానే అనుమానించాను. సాయంత్రం ఏడు దాటాక వెళ్లి, అందరూ చూస్తుండగా దాని తీగలు పీకి, డబ్బాను నా సంచిలో వేసుకున్నాను. ఇక మోగదని కాస్త బడాయిగానే చెప్పాను. సాంచాలు ఆపించి అందరం నర్సవ్వ ఖోలీ ముందు నిలబడ్డాం. చిన్న ఖోలీ, రాట్నం, గోడకు ఆనించిన చాప, మూలన పోశెట్టి చెప్పులు. ఆమె గడపలో కూర్చొని ఫోన్ ఒళ్లో పెట్టుకుంది.

ఎనిమిదికి మోగింది.

నేను ఆ గొంతును రికార్డు చేసినదాన్ని. ఆ దగ్గు ఎక్కడ తెగుతుందో, నర్సూ అనేముందు ఎంత ఆగుతాడో నాకు తెలుసు. అయినా ఆ గల్లీలో, సాంచాలన్నీ ఆగిపోయిన ఆ నిశ్శబ్దంలో వింటే అది నేను రికార్డు చేసినదే అనిపించలేదు. డబ్బా మీ సంచిలనే ఉన్నది గద మేడం అన్నాడు రాములు. అతని పెదాలు ఎండిపోయి ఉన్నాయి. జనం ఒక్కొక్కరే వెనక్కి జరిగారు, నా నుంచి కూడా.

నర్సవ్వ మాత్రం లేచి రాట్నం ముందు కూర్చుంది. తెలిసి తెలిసి ఎందుకు చుడుతున్నావని అడిగాను.

"ఆయన రాడని నాకు తెల్వదా మేడం," అంది. "పిలిస్తె పోకుంటె ఎట్ల?"

డబ్బాను ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టాను. పొద్దున ఎనిమిదికి అది అక్కడే, కరెంటు లేకుండా, తీగలు వేలాడేసుకొని ఉంది. నర్సవ్వ ఫోన్ చేసి, పిలిచిండు మేడం అని చెప్పి పెట్టేసింది. నేను ముప్పై ఏళ్లకు పైగా మిషన్లతో బతికినదాన్ని. డబ్బాను తీసుకెళ్లి బాల్కనీలో పెట్టి తలుపు గడియ వేశాను. భయమేసింది, దాచేదేముంది.

రెండు సందేశాలు

డబ్బా మాట్లాడడం లేదంటే, మాట్లాడుతున్నది మేమే. ఆఫీసులో క్యూను తెరిచి కూర్చున్నాను. సందేశాలు వస్తున్నాయి, సంతకాలు పడుతున్నాయి, పోతున్నాయి. కానీ ఎవరో తీసుకొని సంతకం పెట్టకుండా ఉంచుకున్నవి రెండు ఎప్పుడు చూసినా అలాగే ఉన్నాయి. మిగతా అంకెలన్నీ కదులుతుంటే ఆ రెండు మాత్రం కదలవు. అలా ఎంతసేపు చూశానో, టీ చల్లారిపోయింది.

తీగ పట్టుకొని లాగితే డొంకంతా కదిలింది. పోశెట్టి పోయిన రోజు పొద్దున్నుంచే నార్పోలిలో నెట్ లేదు. సాంచా మొదలైన సందేశాన్ని, ఆగిన సందేశాన్ని డబ్బా తన దగ్గరే ఉంచుకుంది. అంతలో స్విచ్ లాగేశారు. పెద్దకర్మ అయ్యాక స్విచ్ వేయగానే, అంతకుముందే ఏడు అని ముద్ర పడిన ఆ రెండింటినీ పంపేసింది. మా పైప్‌లైన్ మొదటిదాన్ని తీసుకుంది. కండెలకు ఆలస్యం కాకూడదని ముందు ఫోన్ చేయడం, తర్వాత పట్టికలో రాయడం, చివర సంతకం పెట్టడం, ఇదీ మేం పెట్టిన వరుస. ఫోన్ చేసింది. గొంతుల జాబితాలో ఏడు ఇంకా అలాగే ఉంది మరి. తర్వాత పట్టికలో ఏడో సాంచా కోసం చూసింది. లేదు. రాయలేక, సంతకం పెట్టకుండా వదిలేసింది. పన్నెండు గంటలయ్యాక అదే సందేశం మళ్లీ వచ్చింది, మళ్లీ ఫోన్ చేసింది. కులకర్ణి సార్ షిఫ్టు లెక్క పోశెట్టిని సరిగ్గా వేళకు పనికి పిలుస్తోంది. వందల్లో తప్పులు వస్తేనే తెర ఎర్రబడాలని పెట్టుకున్నాం కాబట్టి, ఈ రెండింటిని ఎవరూ చూడలేదు.

పిల్లలూ, ఇక్కడ ఆగండి. పట్టికలో రాయడం ఎన్నిసార్లయినా తుడిచి రాయొచ్చు. మనిషికి ఫోన్ చేయడం అలా కాదు. వెనక్కి తీసుకోలేని పనిని చివర పెట్టండి, లేదా ఒకసారి చేశామా అని చూసుకొని చేయండి. సందేశం ఎన్నిసార్లు తిరగొచ్చో హద్దు పెట్టండి. హద్దు దాటినదాన్ని పక్క వరుసలోకి తీసి, ఒక మనిషి వచ్చి చూసేలా చేయండి. ఈ సౌకర్యాలన్నీ క్యూలో ముందునుంచీ ఉన్నవే. వాడుకోవాలి, అంతే.

కులకర్ణి సార్‌కు చెప్పాను. విని, అయితే వదిలేయమన్నాడు. పద్నాలుగు రోజులు నిండితే ఆ సందేశాలు వాటంతటవే పోతాయి, మనం ఏ తప్పూ ఒప్పుకోనక్కర్లేదన్నాడు. నేను వేళ్ల మీద లెక్కపెట్టాను. అవి పోయేది అమావాస్య నాటికే. మంత్రగాడు వస్తాడు, ఆ రోజు నుంచి ఫోన్ మోగదు, మంత్రం పారిందంటారు. అంటే బాణామతి నిజమే అంటారు. నర్సవ్వ బతికినంతకాలం ఆ పేరు మోయాలి. ఇదంతా చెప్తే, మన పని సందేశాలు, మనుషులు కాదు అన్నాడు. షిఫ్టంతా కార్ఖానాలో నిలబెట్టి మాకు పని నేర్పినవాడు అన్న మాట అది. నాకు ఇప్పటికీ ఆ మాట మీద కోపం పోలేదు. అనుమతి అడగడం మానేశాను.

సాంచాలు ఆపిన పొద్దు

అమావాస్య ఇంకా రాలేదు. పొద్దున ఎనిమిదికి ముందే లాప్‌టాప్ పట్టుకొని అంజయ్య సేఠ్ కార్ఖానాలో కూర్చున్నాను. సందేశం తిరిగొచ్చే సమయాన్ని పన్నెండు గంటల నుంచి ఒక్క నిమిషానికి తగ్గించి పెట్టాను. దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ, రెండు షిఫ్టులవాళ్లూ ఉన్నారు. సేఠ్ అన్ని సాంచాలూ ఆపించాడు. నర్సవ్వ పొద్దున్నే చుట్టిన కండెల గంపతో వచ్చి, దాన్ని పక్కన దించి నిలబడింది.

ఎనిమిదికి ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టించాను. పైకప్పు కింద ఆ దగ్గు, ఆ మాట అంతటా వినిపించాయి. తర్వాత పైప్‌లైన్‌ను ఆపేసి, ఇక నేను చెప్పేదాకా పిలవడని చెప్పాను. అందరూ ఫోన్ వైపే చూస్తున్నారు. ఒక నిమిషం గడిచింది, ఇంకాస్త గడిచింది. ఏమీ లేదు. ఇప్పుడు అన్నాను, పైప్‌లైన్ వదిలాను. మోగింది. మళ్లీ ఆపాను, మళ్లీ వదిలాను. మోగింది.

"గట్లైతే మీరే పిలిపిస్తున్నరా మేడం?" అన్నాడు రాములు.

అవును, ఇప్పుడు నేను, ఇన్ని రోజులూ మా కంపెనీ అన్నాను. రిజిస్టరు ఉత్తరం కథ చెప్పాను. సంతకం పెట్టాల్సిన ఇంటి నంబరు మీరు తుడిచేశారు, మావాళ్లు ముందూ వెనకా చూడకుండా పట్టికలోనూ తుడిచేశారు, పోస్ట్‌మ్యాన్ తిరుగుతూనే ఉన్నాడు అన్నాను. ఇందులో ఈమె చేసింది కండెలు చుట్టడం ఒక్కటే అన్నాను. కొందరు తలలు దించుకున్నారు. కొందరు నన్ను మంత్రగాడిని చూసినట్టే చూశారు, అది వాళ్ల తప్పు కాదు.

దీన్ని ముగించాలంటే పట్టికలో ఏడు మళ్లీ రాయాలి. సేఠ్ ఒప్పుకోలేదు. పసుపు నీళ్లతో కడిగిన నంబరును చేతులారా మళ్లీ పిలుస్తామా అన్నాడు. అప్పుడు నర్సవ్వ మాట్లాడింది.

"రాయనియ్యుండ్రి సేఠ్. అదొస్తె నాకొస్తది."

సేఠ్ సరేనన్నట్టు పక్కకు జరిగాడు. ఇది రాశాక ఆయన ఇక పిలవడు అని నర్సవ్వకు విడిగా చెప్పాను. ఇంకొక్కసారి విననియ్యమంది. వదిలాను. నర్సూ అన్న చోట ఆమె పెదాలు కదిలాయి. ఆ మాట సాగుతుండగానే పట్టికలో ఏడు రాశాను. సందేశం పట్టికలోకి వెళ్లింది, సంతకం పడింది. అందరూ చూసేలా ఒక నిమిషం, ఇంకో నిమిషం కూర్చున్నాం. ఫోన్ మోగలేదు. ఆ పెద్ద రేకుల షెడ్డులో అంతమంది ఉండి కూడా ఊపిరి చప్పుడు తప్ప ఏమీ లేదు. మోగినప్పటికంటే అప్పుడే నాకు ఎక్కువ భయమేసింది.

తెర మీద, నేను ఆపి ఉంచినది ఇంకా ఒకటి ఉంది. అదేమిటని నర్సవ్వ అడిగింది. సాంచా ఆగిన కబురు అని చెప్పాను. ఇదీ ఇన్నాళ్లూ తిరుగుతూనే ఉంది, కానీ ఆగిన కబురు చెప్పడానికి మేం ఫోన్ పెట్టలేదు, గొంతూ రికార్డు చేయలేదు.

"ఏమని ఉన్నది అండ్ల?"

చదివాను. ఏడో సాంచా ఆగింది. కండె అయిపోయింది.

ఆమె నా వైపు కాకుండా ఆ సాంచా వైపు చూస్తూ అడిగింది. "కండెలు తెచ్చుడు నాకు ఆలస్యమైందా? ఆయన కండెల కోసం సూస్కుంట సూస్కుంట పోయిండా?"

డబ్బాకు ఆ సంగతి తెలియదు. నాకూ తెలియదు. ఏదో ఒక మంచి అబద్ధం కోసం వెతుక్కుంటున్నాను. అప్పుడు రాములు ముందుకొచ్చాడు.

"ఆలస్యం గాలే వదినె," అన్నాడు. "గంపల కండెలుండె. అన్న బెంచీ మీద తల వాలేసి కూసుండె. నిద్రవోయిండనుకున్న. ఒకరు కునుకు తీస్తె ఇంకొకరం సాంచె సూస్తం గద మేము. సేఠ్ సూస్తె తిడ్తడని ఆయన నాడెల నేనే కండె మార్చిన. అదైపోతె ఇంకోటి మార్చిన. గంప ఖాళీ అయినంక లేపుదామని భుజం మీద చెయ్యేసిన. సల్లగుండె."

నర్సవ్వ అతని వైపు తిరిగింది.

"సచ్చిపోయిన మనిషి పక్కన నిలవడి ఆయన సాంచె నడిపిన," అన్నాడు. "గందుకే నా కోసమే తిరుగుతుండనుకున్న. భయంతోటి నీ మీదికి చెప్పిన."

అంజయ్య సేఠ్ పక్కకు తిరిగి ఫోన్ తీశాడు. అమావాస్యకు రానక్కర్లేదని ఎవరికో మెల్లగా చెప్పాడు. ఖోలీ మాట ఆ రోజు ఎత్తలేదు, తర్వాత కూడా ఎత్తలేదు. నేను రెండో సందేశాన్ని పట్టికలోకి పంపాను. క్యూ ఖాళీ అయింది.

నర్సవ్వ వంగి గంప ఎత్తింది. పొద్దున చుట్టిన కండెలన్నీ రాములు బెంచీ మీద పెట్టింది. అతని ముఖంలోకి చూసింది.

"గా మాట ఆ దినమే చెప్తె అయిపోతుండె గద, రాములు," అంది.